టక్కా, టకటకనా?

తాళం తిప్పితే బండి లేవడం లేదని ఎవరు వచ్చి చెప్పినా, బ్యానెట్ ఎత్తకముందే మా కాలంలో అడిగే ప్రశ్న ఒకటి ఉండేది: "టక్కా, టకటకనా?"

ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే బ్యాటరీ నుంచి కరెంటు వస్తోంది గానీ ఇంజన్‌ను తిప్పి లేపే సెల్ఫ్ మోటారు దాన్ని అందుకోవడం లేదని అర్థం. అప్పుడు సెల్ఫ్ మీద కూర్చుని ఉండే చిన్న స్విచ్చులోనో, మోటారులోనో తప్పు వెతకాలి. టకటకమని వరసగా కొట్టుకుంటే అసలు కరెంటే చాలడం లేదు. బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా బ్యాటరీ నుంచి వచ్చే దారిలో ఎక్కడో అడ్డు పడి ఉంటుంది. ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న మీకు తెర మీద అంకెలు చూపించే యంత్రాలు వచ్చాయి. మాకు చెవి ఉండేది. ఆ చెవిని ఒకసారి పక్కన పెట్టి, ఇంకొకరు చెప్పిన మాటనూ నేను రాసుకున్న మాటనూ నమ్మినందుకు ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి చెబుతాను. మంచి మరమ్మతుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

నేను బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌ని. మొదటి తొమ్మిదేళ్లు సిరిసిల్లలో, మిగతా సర్వీసంతా జగిత్యాలలో. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ఆ రోజు ఏ బస్సు వచ్చింది, ఏం తప్పు, ఏ వైరు మార్చాను, ఏ నట్టు బిగించాను అన్నీ అందులో ఉంటాయి. పూర్తయిన పని పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెడతాను. అందుకని డిపోలో నన్ను, ఊరి లెక్కలు రాసే కరణంలా, పట్వారి అనేవాళ్లు. ఆ పేరు పెట్టినవాడు ఇంజన్ మెకానిక్. అతన్ని అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. చేతులు ఎంత పెద్దవో నోరు కూడా అంత పెద్దది.

"అరే పట్వారీ, నువ్వు సచ్చినంక యముడు లెక్క అడిగితె ఆయన్నే కూసుండవెట్టి సదివి ఇనిపిస్తవేమోరా" అనేవాడు.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చినప్పుడు నా సర్వీసు ఇంకా రెండేళ్లు మిగిలి ఉంది. డిపో గేటుకు తాళం పడింది. లోపల బస్సులు దుమ్ము పట్టి నిలబడ్డాయి, బయట మా టెంటు వెలసింది. పొద్దున్నే వచ్చి జంపఖానా మీద కూర్చోవడం, పాటలు, నినాదాలు, మధ్యాహ్నం రోడ్డు మీదే వంట. సమ్మెలో ఉన్నన్ని రోజులు ఎవరూ పానా పట్టకూడదని మాకు మేమే నియమం పెట్టుకున్నాం. ముప్పై ఏళ్లు పానా పట్టిన చేతులకు అది అన్నిటికన్నా కష్టమైన నియమం. ఉస్తాద్ ఖాళీ చాయ్ గ్లాసును నట్టు తిప్పినట్టు అదే పనిగా తిప్పుతూ కూర్చునేవాడు.

ఆ టెంటు దగ్గరికి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, ఒక పాత తెల్ల డీజిల్ కారు వచ్చి ఆగేది. కోరుట్ల నుంచి ఒక అల్లుడు తన అత్తను కరీంనగర్ ఆస్పత్రికి తీసుకుపోయేవాడు. ఆమె మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు, యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. సమ్మెకు ముందు మా బస్సుల్లోనే వెళ్లేది. బస్సులు ఆగిపోయాక, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుకునే ఆ కారే ఆమెకు దిక్కయింది.

మా బస్సులు ఆగడం వల్లే ఆమెకు ఈ తిప్పలు అని నాకు కొంచెం నామోషీగా ఉండేది. ఒకరోజు ఆ మాటే అన్నాను.

"ఏం మాట తమ్మీ అది? మీ కొట్లాట మీ ఒక్కలదా? నేను బీడీలు జేసుకుంట కూసున్న దగ్గర్నే జై తెలంగాణ అన్న. నా రోగం నాది, మన కొట్లాట మనది. రెండు కలుపకు" అంది.

నలభై ఏళ్లకు పైగా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి. ఖాళీగా కూర్చున్నా ఆమె వేళ్లు కనపడని ఆకును చుడుతూనే ఉండేవి. నీళ్లు, చాయ్ ఎంత తాగాలో డాక్టర్లు కొలత పెట్టారు. మా టెంటులో చాయ్ రెండు గుక్కలే తాగి, మిగిలింది అల్లుడికి ఇచ్చేది. ఆ రెండు గుక్కల కోసమే కారు అక్కడ ఆపించేదని అల్లుడు అనేవాడు.

అల్లుడిది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. పదిహేనేళ్లు సాంచాలు నడిపి, పని సరిగా దొరకక, అత్తగారి ఊరికి వచ్చి డ్రైవరయ్యాడు. మెత్తటి మనిషి, కానీ గట్టిగా మాట్లాడతాడు. సాంచాల చప్పుడులో బతికినవాళ్లందరూ అంతే. సిరిసిల్లలో తొమ్మిదేళ్లున్నాను కాబట్టి నాకు తెలుసు.

"అల్లుడా, నేను చెవిటిదాన్ని గాదు, మూత్రపిండాలే వోయినయి" అని ఆమె విసుక్కునేది.

"నేను మెల్లగనే మాట్లాడుతున్న అత్తమ్మా!" అని అతను అరిచేవాడు.

దసరా సమ్మెలోనే వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజు మా గ్యారేజీలో పానాలన్నీ కడిగి బొట్లు పెట్టి, బస్సులకు కొబ్బరికాయలు కొట్టేవాళ్లం. ఆ ఏడు పానాలూ బస్సులూ తాళం లోపలే ఉండిపోయాయి. మధ్యాహ్నం దాటాక తెల్లకారు వచ్చింది. ఆస్పత్రి రోజు కాకపోయినా ఆమె వచ్చింది. దసరా నాడు బంగారమని చేతుల్లో పెట్టుకునే జమ్మి రెమ్మలు కొంగులో మూటగట్టి తెచ్చింది.

"ఇంటికాడ బంగారం ఇయ్యడానికి అందరున్నరు. గీ రోడ్డు మీద కూసున్నోళ్లకు ఎవలిస్తరు అని అచ్చిన" అని టెంటులో ఒక్కొక్కరి చేతిలో జమ్మి పెట్టింది. చిన్నవాళ్లు కాళ్లకు మొక్కారు. మేము మేము కౌగిలించుకుని అలయ్ బలయ్ ఇచ్చుకున్నాం. జీతం లేని దసరా అయినా, ఆ రోజు టెంటులో ఎవరి ముఖమూ చిన్నబోలేదు.

అప్పుడు ఉస్తాద్ కారు వైపు చూసి, "పట్వారీ, గీ కారుకన్న పూజ జేద్దాం పా. బండి ముట్టని దసరా దసరానేనా?" అన్నాడు.

"పానా పట్టద్దని మనమే అన్నం గద?"

"పూజకు పట్టుడు పనికి పట్టుడు ఒక్కటేనా? అడిగినోళ్లకు నేను జెప్త."

డ్రైవరు దగ్గరున్న పానాలతోనే మొదలుపెట్టాం. ఉస్తాద్ ఫ్యాను బెల్టు, ఆయిలు చూశాడు. నేను బ్యాటరీ టర్మినళ్లు రెండూ విప్పి, గరుకు కాయితంతో రుద్ది మెరిపించాను. ఆమె పక్కనే నిలబడి ఇంజన్‌లోకి తొంగి చూస్తోంది.

"తమ్మీ, మనిషికైతె గుండె ఉంటది. దీనికి గుండె ఏది?"

"గీ డబ్బనే అక్కా. గిది ఆగితె అంత ఆగినట్టే" అని బ్యాటరీ చూపించాను.

వైర్ల చివర ఉండే క్లాంపులు బ్యాటరీ స్తంభాల మీద ఊరికే ఆనించానో లేదో మైకులో నన్ను పిలిచారు. ఎన్నడూ మాట్లాడని పట్వారి ఇవాళ మాట్లాడాల్సిందే అని అందరూ పట్టుబట్టారు. నేను వెళ్లి నాలుగు మాటలు మాట్లాడాను. ఏం మాట్లాడానో డైరీలో కూడా లేదు, అంత భయపడ్డాను. చప్పట్లు మాత్రం బాగా కొట్టారు. ఆ చప్పట్ల వేడిలోనే తిరిగి వచ్చి, రెండు నట్లూ బిగించి, బ్యానెట్ దించాను. కొబ్బరికాయ కొట్టాం. కారు ఒక్క తాళానికే లేచింది.

ఇంటికి వెళ్లి రాసుకున్నాను: "తెల్లకారు బ్యాటరీ టర్మినళ్లు రెండూ శుభ్రం చేసి బిగించాను." పక్కన ఎర్ర టిక్కు.

ఆ తర్వాతి మంగళవారం కరీంనగర్ నుంచి అల్లుడి ఫోను వచ్చింది.

"కాకా! బండి లేస్తలేదు!"

ఫోను చెవికి దూరంగా పట్టుకుని అడిగాను. "సెల్ఫ్ కొడితె చప్పుడు ఎట్లస్తున్నది? టక్కా, టకటకనా?"

"టక్కే కాకా. టక్ అంటది, ఆగిపోతది."

"పక్కానా?"

"పక్కా. టక్కే."

ఆస్పత్రి దగ్గర నలుగురు తోస్తే లేచిందట. సాయంత్రం టెంటు దగ్గరికి తెచ్చాడు. నేను తాళం తిప్పితే ఏ చప్పుడూ లేకుండా బుద్ధిగా లేచింది. పదిసార్లు తిప్పినా అంతే. ఇలాంటి తప్పులే మన పనిలో అన్నిటికన్నా చెడ్డవి, డాక్టరు ముందు దగ్గని రోగి లాంటివి. కానీ అతను టక్కు అన్నాడు కదా, పానా నియమాన్ని ఆమె కోసం పక్కన పెట్టి సెల్ఫ్ స్విచ్చు విప్పాను. లోపల రాగి ముక్కలు కాస్త నల్లబడి ఉన్నాయి. పాత బండిలో అవి ఎప్పుడూ నల్లబడే ఉంటాయి. నాకు మాత్రం దొంగ దొరికినట్టే అనిపించింది. వాటిని రుద్ది బిగించాను.

ఉస్తాద్ గ్లాసు తిప్పుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "టర్మినళ్లు సూసినవా?"

"దసరా నాడు సూసిన."

"ఇప్పుడు సూడరాదు?"

"నేనే రుద్ది బిగిచ్చిన. డైరీల ఉన్నది."

"గా డైరీల నూనె వోసి నడిపిస్తవా బండిని?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్లలో నేను టిక్కు పెట్టిన పనిని మళ్లీ చూడాల్సిన అవసరం రాలేదని గట్టిగానే అన్నాను. అతను భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు. ఆ రాత్రి డైరీలో "సెల్ఫ్ స్విచ్చు సరిచేశాను" అని ఇంకో టిక్కు పెట్టాను.

శుక్రవారం కోరుట్లలో ఇంటి ముందే కారు మొరాయించింది. అల్లుడు చాలాసేపు తంటాలు పడ్డాడు. చివరికి గల్లీలో వాళ్లు తోస్తే లేచింది గానీ, ఆస్పత్రికి చేరేసరికి ఆమె వంతు సగం దాటిపోయింది. తర్వాతి రోగి కాచుకుని ఉన్నాడు. ఆమెకు రెండు గంటలే దొరికాయి.

తిరిగి వస్తూ టెంటు దగ్గర ఆగారు. ఆమె దిగింది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు, చెప్పులు చేతిలో పట్టుకుంది. నాలుగడుగులు వేసి జంపఖానా మీద కూర్చుని ఆయాసపడింది. చాయ్ ఇస్తే వద్దంది.

"ఏం తమ్మీ, గీ కారుకు గూడ నా లెక్క వారానికి రెండుసార్లు రక్తం మార్వాల్నా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు. జీవితంలో మొదటిసారి అతను మెల్లగా మాట్లాడడం విన్నాను. "కాకా, మంగళారం నాలుగు గంటలు నిండ పడాలన్నరు. మల్ల తక్కువ పడితె నీళ్లు ఊపిరితిత్తులల్లకు ఎక్కుతయంట. ఇంకో బండి అడిగిన. బస్సులు లేవు గద, ఎవల బండి ఖాళీ లేదు."

శనివారం నేనే కోరుట్ల వెళ్లాను. ఒకరి స్కూటర్ వెనక కూర్చుని వెళ్లి, సాయంత్రం దాకా ఆ కారుతోనే ఉన్నాను. మీటరు పెట్టి చూశాను, బ్యాటరీ నిండుగా ఉంది. ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. మీటరు వైరు మొన నేను బ్యాటరీ స్తంభం మీద పెట్టాను, దాన్ని పట్టుకుని ఉన్న క్లాంపు మీద పెట్టలేదు. ఆ రెంటికీ మధ్య వెంట్రుకంత దూరం. తప్పు ఆ వెంట్రుకంత దూరంలోనే కూర్చుని ఉంది. అక్కడ చూడాల్సిన పని లేదని నా ఎర్ర టిక్కు నాకు చెప్పింది. ఆ రోజు కారు ఎన్నిసార్లు అడిగినా అన్నిసార్లు లేచింది.

బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె కూతురు, "మంగళారం నువ్వు గూడ కార్ల పోరాదు కాకా? నువ్వుంటె గది భయపడి నడుస్తది" అంది. పోతానన్నాను.

మంగళవారం పొద్దున్నే జగిత్యాలలో కారెక్కాను. చూస్తే ముందు సీటులో ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు.

"నువ్వెందుకు?"

"తోసుటానికి ఒకడు గావాలె గద. నువ్వు రాసుకో, నేను తోస్త."

కోరుట్లలో లేపిన ఇంజన్‌ను కరీంనగర్ దాకా ఆపవద్దని ఒప్పందం. వెనక సీటులో ఆమె పక్కన నేను కూర్చున్నాను. రాత్రంతా కూర్చునే గడిపిందట, పడుకుంటే ఊపిరాడడం లేదట. మాటలు తగ్గాయి. వేళ్లు మాత్రం కనపడని బీడీని చుడుతూనే ఉన్నాయి.

మల్యాల క్రాస్‌రోడ్డు దగ్గర రాస్తారోకో. రోడ్డు నిండా జనం, డప్పులు, ఒక పక్క వంట. మా ముందు లారీ ఆగింది, వెనక ఇంకో లారీ వచ్చి ఆగింది. మెడలో కండువా వేసుకున్న ఒకతను లారీల పక్కన నడుస్తూ, "ఇంజన్లు బంద్! అందరు బంద్ జెయ్యుండ్రి!" అని అరిచాడు.

అల్లుడి చెయ్యి తాళం మీదికి పోయింది. బంద్ అన్న కేక వినగానే సాంచా ఆపిన చెయ్యి అది, అతని ప్రమేయం లేకుండానే తిరిగింది. ఇంజన్ ఆగిపోయింది.

"అరె ఏం జేసినవుర!" అని ఉస్తాద్ నెత్తి కొట్టుకున్నాడు.

కండువా అతను కిటికీలోంచి ఆమెను చూశాడు. "పేషంటా? అరె, అమ్మ ఉన్నది, ముందు బండి జరుపుండ్రి! వీళ్లను పోనియ్యుండ్రి!" అని పరుగెత్తాడు. ముందున్న లారీ పక్కకు జరిగి కారు పట్టేంత సందు ఇచ్చింది. జనం దారి విడిచారు. మమ్మల్ని ఆపేవాళ్లు ఒక్కరూ లేరు. కదలనిది మా కారు ఒక్కటే.

అల్లుడు తాళం తిప్పాడు.

టకటకటకటకటక.

ముందు సీటు పట్టుకుని వంగాను. "గిదేనా చప్పుడు? రోజు వచ్చేది గిదేనా?"

"గిదే కాకా."

"టక్ అన్నవు గదరా! గిది టకటక గద!"

అతను వెనక్కి తిరిగి నన్ను అయోమయంగా చూశాడు. "టకటక అంటె నడుస్తున్నట్టు గద కాకా? సాంచా నడిస్తె టకటక. ఆగిపోతె టక్. బండి నడుస్తలేదు గద... ఇగ టక్కే గద!"

పదిహేనేళ్లు సాంచాల మధ్య నిలబడ్డ చెవికి టకటక అంటే చప్పుడే కాదు, అన్నం ఉడుకుతున్నట్టు, అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆగడానికి అతని భాషలో ఒక్కటే మాట ఉంది. నేను బండి భాషలో అడిగాను, అతను సాంచా భాషలో జవాబు చెప్పాడు. సిరిసిల్లలో తొమ్మిదేళ్లు బతికిన నాకు ఆ సంగతి తట్టాల్సింది.

అప్పటికే నలుగురైదుగురు కారు వెనక చేతులు వేశారు. కానీ వెనక లారీ ఆనుకుని ఉంది, ముందున్న సందు మలుపు తిరిగి ఎత్తుకు పోతుంది. తోసి లేపేంత జాగా లేదు. బ్యానెట్ ఎత్తాను.

"ఉస్తాద్, ముందల నిలబడి లైట్లు సూడు" అని అల్లుడి వైపు తిరిగాను. "నువ్వు లైట్లు ఏసి సెల్ఫ్ కొట్టు."

టకటకటక. "లైట్లు సచ్చిపోతున్నయి!" అన్నాడు ఉస్తాద్.

బ్యాటరీ నిండుగా ఉంది, కరెంటు బయటికి రావడం లేదు. అంటే అడ్డు దారిలోనే ఉంది. నా చెయ్యి టర్మినళ్ల దగ్గర ఆగిపోయింది. "ఇవి నేను దసరా నాడు..." అని ఇంకా అంటూనే ఉన్నాను.

ఉస్తాద్ నా ముఖంలోకి చూశాడు. ఆ రోజు వెటకారం చేయలేదు. "నువ్వు రాసింది అడుగుతలేనురా. ఇప్పుడు నీ చేతికి ఏం తెలుస్తున్నదో చెప్పు."

ఒక క్లాంపు ముట్టుకున్నాను, చల్లగా ఉంది. రెండోది ముట్టుకున్నాను, చెయ్యి చురుక్కుమంది. కరెంటు సాఫీగా పోయే దారి వేడెక్కదు. పానాతో నట్టు వదులు చేసి క్లాంపు పైకి లాగాను. క్లాంపుకూ స్తంభానికీ మధ్య ఏదో నల్లగా అతుక్కుని ఉంది. గోటితో గీరితే ఊడి వచ్చింది. ఒక చిన్న రెమ్మ. సగం మాడిపోయింది. మిగతా సగంలో సన్నని ఆకులు, ఎండి ముడుచుకున్నా ఇంకా ఏవో తెలుస్తున్నాయి.

జమ్మి.

అంతా ఒక్కసారే అర్థమైంది. పచ్చిగా ఉన్న రోజు రెమ్మ మీదే క్లాంపు బిగుసుకుంది, ఒక పక్క లోహం లోహానికి తగిలింది, బండి లేచింది. రోజులు గడిచి రెమ్మ ఎండి సన్నబడ్డాక క్లాంపు వదులైంది. కుదుపుకు ఒకసారి తగిలేది, ఒకసారి తగిలేది కాదు. ఆ రోజు మైకు దగ్గరి నుంచి వచ్చి నేను నట్టునే చూశాను, దాని కింద ఏముందో చూడలేదు.

వెనక సీటులోంచి ఆమె గొంతు సన్నగా వినిపించింది. "ఏమన్న దొరికిందా తమ్మీ?"

"ఏం లేదక్కా. చెత్త వడ్డది" అని ఆమె కిటికీ పక్కకు వచ్చి అన్నాను. అక్కడే నిలబడి, చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే చిన్న డైరీ తీసి, ఆ రెమ్మను దాని మధ్య పెట్టాను. ఉస్తాద్ చూశాడు. గరుకు కాయితం అందించాడు.

స్తంభాన్ని గరుకు కాయితంతో రుద్ది, లోపల కళ్లు పెట్టి చూసి, క్లాంపును అడుగు దాకా దించి బిగించాను. పట్టుకుని ఊపి చూశాను. ఆ తర్వాత ఉస్తాద్ చేత కూడా ఊపించాను. అల్లుడు తాళం తిప్పాడు. టక్కూ లేదు, టకటకా లేదు. ఇంజన్ అందుకుంది. చుట్టూ ఉన్న జనమంతా జై తెలంగాణ అన్నారు. డప్పులవాళ్లు కారు ముందు నడుస్తూ మలుపు దాటించారు. తోయడానికి వచ్చి తోయలేకపోయిన ఒకతను, "నేను తోసుడే ఉండె, మీరు ముందుగాల్నే బాగు జేసిండ్రు" అని చిన్నబుచ్చుకున్నాడు.

ఆమె వంతుకు ముందే చేరాం. నాలుగు గంటలూ నిండా పడ్డాయి. ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చుని ఉండగా అల్లుడికి రెమ్మ చూపించాను. అతను దాన్ని చేతిలోకి తీసుకుని తల దించుకున్నాడు.

"కాకా, గిది అత్తమ్మ పెట్టింది. నువ్వు మైకు కాడికి వోయినప్పుడు. బండి గుండెకు గూడ బంగారం ఇయ్యాలె, నా పానం దాని మీదనే నడుస్తున్నది అన్నది. క్లాంపు సందుల జారిపోకుంట ఒత్తి పెట్టింది. నేను పక్కనే ఉన్న. మంచిదే గద అనుకున్న."

రెమ్మను తీసుకుని మళ్లీ డైరీలో పెట్టాను. ఉస్తాద్ అన్నాడు. "ఆమెకు జెప్పద్దు. చెత్త అన్నం, చెత్తనే."

"చెత్తనే" అన్నాడు అల్లుడు. మళ్లీ గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాడు కాబట్టి ఆ మాట ఆస్పత్రి గేటు దాకా వినిపించి ఉంటుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి దసరా నాటి పేజీ తీశాను. "బిగించాను" అన్న మాటను కొట్టేయలేదు, అది అబద్ధం కాదు. దాని కింద "చూడకుండా" అని రాశాను. ఎర్ర టిక్కును మాత్రం నల్ల సిరాతో కొట్టేశాను. నా డైరీల్లో కొట్టేసిన టిక్కు అదొక్కటే. తర్వాత సర్వీసు చేసిన రెండేళ్లూ పని పూర్తికాగానే టిక్కు పెట్టడం మానేశాను. పని చేసిన బండి మర్నాడు డిపోకు తిరిగి వచ్చాక, చేత్తో ముట్టుకుని చూసి అప్పుడు పెట్టేవాణ్ని. పట్వారి మెత్తబడ్డాడని ఉస్తాద్ అందరికీ చెప్పుకున్నాడు.

సమ్మె ముగిసింది. బస్సులు కదిలాయి. ఆమె మళ్లీ మా బస్సులకే మారింది. జగిత్యాలలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి నన్ను పిలిచి రెండు గుక్కల చాయ్ తెప్పించుకునేది.

తర్వాతి దసరాకు గ్యారేజీ తలుపులు తెరిచే ఉన్నాయి. పానాలకు బొట్లు పెడుతున్నాం. అల్లుడు ఆమెను తెల్లకారులో తెచ్చాడు. ఆమె కొంగు మూట విప్పి అందరికీ బంగారం పంచుతూ నా దగ్గరికి వచ్చింది. నేను బస్సు బ్యాటరీ ముందు నిలబడి ఉన్నాను. ఆమె దాని వైపు చూసింది, నా వైపు చూసింది. నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో జమ్మి రెమ్మ పెట్టి, నా వేళ్లు మూసింది.

"గీసారి బండిల పెట్టను తియ్యి తమ్మీ. నీ చేతిలనే పెడుతున్న."

ఉస్తాద్ వైపు చూశాను. నేను చెప్పలేదన్నట్టు అతను రెండు చేతులూ ఎత్తాడు. అల్లుడు అప్పటికే తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఎవలు జెప్పలె" అంది ఆమె. "చెత్త వడ్డదంటివి. చెత్తను ఎవలన్న డైరీల పెట్టుకుంటరా?"